పలచబడ్డ ఉప్పునీరు

అసిరయ్య బావ పోలరాజు శుక్రవారం పొద్దున సిద్ధగోరాలోని ఉక్కు కార్ఖానా క్వార్టరులో టీ తాగుతూ తాగుతూ ఒరిగి ప్రాణం విడిచాడు. రైళ్ళ సమ్మె మొదలై అప్పటికి పదోరోజు. ఒక్కగానొక్క కొడుకు బలరామ్ విశాఖ పోర్టులో పనిచేస్తున్నాడు. దొరికిన లారీ పట్టుకుని వస్తున్నానని టెలిగ్రాం ఇచ్చాడు. ఎంత లేదన్నా ఆదివారానికి గానీ చేరడు. బయట మే నెల ఎండ మండిపోతోంది.

అక్క నూకమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "ఐసు నీ చేతిలోదే కదరా అసిరీ. కొడుకొచ్చీదాకా ఉంచు."

అసిరయ్య అదే ఊళ్ళో జుగ్సలాయి పేట ఐసు కార్ఖానాలో పదకొండేళ్ళుగా తొట్టి చూసుకునే మనిషి. "ఉప్పు లేదక్కా," అన్నాడు.

"ఐసుకి ఉప్పేటిరా?"

"తొట్టినిండా ఉప్పునీరే ఉంటాదక్కా. మంచినీళ్ళ డబ్బాలు అందులో ముంచుతాం. ఉప్పు చిక్కగుంటే ఆ నీరెంత సల్లబడినా గడ్డకట్టదు, డబ్బాల్లో నీళ్ళే గడ్డకడతాయి. రెండు డబ్బాలు కారిపోయి, మంచినీళ్ళు కలిసి తొట్టి పలచబడిపోయింది. ఉప్పు రైలు వేగనేమో సమ్మెకి నౌపడా దాటి రాలేదు."

ఆమెకు ఏమీ ఎక్కలేదు. "ఏదోటి సెయ్యరా," అంది.

అతను వీధి వీధీ తిరిగాడు. కిరాణా కొట్లవాళ్ళు దోసెడేసి ఇచ్చారు. తెలుగిళ్ళ ఆడవాళ్ళు వంటింటి జాడీలు బోర్లించేశారు. అంతా కలిపి రెండు గోనెసంచులు. తొట్టికి కావలసింది నలభై. తెచ్చినదంతా పోసి, కలియబెట్టి, చిక్కదనం చూసే గాజుబుడ్డి నీళ్ళలో వదిలాడు. అది వెంట్రుకవాసి పైకి తేలి ఆగిపోయింది. తొట్టిలో చలిగొట్టాల చుట్టూ ఉప్పునీరే తెల్లగా పేరుకుపోయి ఉంది. ఆ పొర దాటి చలి డబ్బాలదాకా రావడంలేదు. కర్ర పెట్టి పొడిచాడు. పెచ్చు ఊడింది, మళ్ళీ పట్టింది.

శనివారం పొద్దున డబ్బాలు తిరగేస్తే పెంకుల్లాంటి ఐసు రాలింది, మిగతాదంతా నీళ్ళు. ఆ పెంకుల్నే రంపప్పొట్టులో కప్పి, గోనె చుట్టి రిక్షాలో వేసుకుని తొక్కించాడు. సిద్ధగోరా చేరేసరికి గోనె కింద నుంచి ధార కడుతోంది. మిగిలిన నాలుగు ముక్కలూ బావ గుండెల మీద పెడితే, చూస్తుండగానే కరిగి జారిపోయాయి.

మధ్యాహ్నానికి గదిలో నిలబడటం కష్టమైంది. పెద్దలు అసిరయ్యను బయటికి పిలిచారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. "ఇంకాగలేం బాబూ," అన్నారంతే. అతను లోపలికి వెళ్ళి, అక్క కంట పడకుండా, ఉబ్బిపోయిన బావ ముఖాన్ని తువ్వాలుతో కప్పేశాడు. స్వర్ణరేఖ ఏటి ఒడ్డున కొరివి కూడా తనే పట్టాడు.

బలరామ్ ఆదివారం పొద్దున బొగ్గు లారీ దిగి వచ్చాడు. కళ్ళు తప్ప ఒళ్ళంతా మసి. సంగతి విని అరుగు మీద కూలబడ్డాడు.

"బరఫ్ కార్ఖానాలోనే ఉన్నావు కద మావా," అన్నాడు.

అసిరయ్య ఉప్పు సంగతి మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. తన చెవులకే అది సాకులా వినిపించింది.

"ఊరుకోరా. మొన్నంతా గడప గడపా తిరిగేడు," అంది నూకమ్మ లోపలినుంచి.

బలరామ్ తలదించుకుని అడిగాడు. "ఆకర్న బాబు ముకం ఎలాగుంది?"

"నిద్దరోయినట్టే ఉందిరా," అన్నాడు అసిరయ్య.