నడుము పరీక్ష

లారీకి వేసిన చెక్క మీంచి పున్నయ్య బావ ధాన్యం బస్తాతో సహా పడ్డప్పుడు, గుడివాడ గోడౌన్‌లో హమాలీలం ఇరవై ముగ్గురం ఉన్నాం. కాంట్రాక్టరు గోవర్ధనరావు పరిగెత్తుకొచ్చాడు. "ముందు ఆ వడ్లు ఎత్తండ్రా, తొక్కేస్తున్నారు" అన్నాడు. మేం వడ్లే ఎత్తాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత మూడో వారం గోవర్ధనరావు డాక్టర్ని తీసుకొచ్చాడు. బరువు పనికి వెన్నుపూస ఇలా ఉండాలని ప్రమాణాలున్నాయట. ఎక్స్‌రేలో తేడా వస్తే పనిలోకి రానివ్వరట. అంతా మా మంచికేనట. దానికి ముందు ఒక కాగితం ఇచ్చారు. నడుము నొప్పి ఉందా, లేదా రాసి సంతకం పెట్టాలి.

అందరం లేదనే రాశాం. ఎందుకు రాశారని చదువుకున్నవాళ్లు అడుగుతారు. మా ముఠాలో నొప్పన్నవాడికి జోడీ దొరకడు, వాడి వీపు మీదకి బస్తా ఎత్తేవాడే ఉండడు. అందుకని బామ్ పూసుకుని, తువ్వాలు బిగించి కట్టుకుని వెళ్లాం. పున్నయ్య నా భుజం పట్టుకుని వచ్చి మరీ లేదని రాశాడు.

ఎక్స్‌రేల్లో పున్నయ్యతో కలిపి పదకొండు మంది ఫెయిలయ్యారు. పున్నయ్య భార్య రాహేలు గేటు దగ్గర గోవర్ధనరావుని నిలదీసింది.

"పద్దెనిమిదేళ్లు మీ బస్తాలే మోశాడండీ. వైద్యం మీరే చేయించాలి."

"నొప్పే లేదని మీ ఆయనే సంతకం పెట్టాడమ్మా. ఇంటి దగ్గర ఏం చేసుకున్నాడో నాకేం తెలుసు?"

రాహేలు మావైపు తిరిగింది. "పాసైనోళ్లు చెప్పండయ్యా. మీలో నొప్పి లేందెవరికి?"

నేనూ పాసైనవాణ్ణే. నోరు తెరిస్తే నా పని కూడా పోతుంది. తల దించుకున్నాను.

"నా కూతుర్ని ఎత్తుకుని ఏడాదైందక్కా" అన్నాడు కళ్యాణ్. వాడికి ఇరవై ఆరేళ్లు.

అప్పుడు నేను చెప్పాను. శామ్యూల్ రాజ్ చెప్పాడు. ఇన్నేళ్లూ ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నదంతా కక్కేశాం. కొందరు ఏడ్చారు కూడా.

"పరీక్ష మా నడుముకి కాదు, మీ బస్తాకి పెట్టండి" అని కళ్యాణ్ ఒక బస్తాని కాటా మీదకి తోశాడు. డెబ్బై ఎనిమిది కిలోలు. బస్తా యాభై కిలోలకి దించేదాకా, పదకొండు మందికీ వైద్యం చేయించేదాకా లారీ ముట్టుకునేది లేదని గేటుకి అడ్డంగా కూర్చున్నాం.

నాలుగో రోజుకి ఇళ్లల్లో బియ్యం అడుగంటాయి. పున్నయ్యకి కాళ్లు తిమ్మిరెక్కి, స్పర్శ పోయింది. త్వరగా ఆపరేషన్ చెయ్యకపోతే ఇక లేవడని ఆసుపత్రిలో చెప్పారు. అయినా తనని చాప మీద గేటు దగ్గరే పడుకోబెట్టమన్నాడు.

ఐదో రోజు పోలీసులతోపాటు అవనిగడ్డ వైపు నుంచి కొత్త ముఠా దిగింది, ఇరవై మంది. అయిపోయింది అనుకున్నాం.

"రండి, లోపలికి రండి" అన్నాడు గోవర్ధనరావు.

పున్నయ్య వాళ్ల మేస్త్రిని పిలిచాడు. "అన్నా, ఒకసారి నా కాలు గిల్లి చూడు."

మేస్త్రి వంగి గిల్లాడు. గోరు దిగింది. పున్నయ్య మొహంలో ఏ కదలికా లేదు. మేస్త్రి నడుం పట్టుకుని, పళ్లు బిగించి లేచాడు. తనవాళ్లని పిలిచి మా పక్కనే కూలబడ్డాడు.

ఎస్సై అందర్నీ వ్యాన్ ఎక్కించమన్నాడు. పున్నయ్య మీద చెయ్యి వేయబోయిన కానిస్టేబుళ్లని మేం దగ్గరికి రానివ్వలేదు. చాప రెండు కొసలు మావాళ్లు, రెండు కొసలు కొత్త ముఠావాళ్లు పట్టుకుని వ్యాన్ దాకా మోశారు. గేటు బయట పద్నాలుగు లారీలు ధాన్యంతో అలాగే నిలబడి ఉన్నాయి.