నడుమ గోడ

ఎండాకాలం సెలవులియ్యంగనే యూనివర్సిటీ పంతుళ్లు పిల్లాజెల్లతోని, మూటాముల్లెతోని అజీజ్‌నగర్ అవతల చెరువు ఒడ్డున కట్టుకున్న ఇండ్లకు వచ్చేటోళ్లు. దిగంగనే ఎవరింట్ల వాళ్లు పొయ్యి ముట్టిస్తరు. పొయ్యి వెలిగితేనే ఇల్లు కదుల్తది. నీళ్లు ఎంత ఎనుకకు పోతే అంత దూరం వాటెంబడి నడుస్తది.

ఇదంతా వాళ్ల తెలివి పుణ్యమే. నడిఎండల జాగ చూసుడు, నీళ్లు ఏడుంటే ఆడనే ముగ్గు పోసుడు! వానలు పడితె చెరువు నిండదా? ఇండ్లే నయం, మొదటి వానకే లేచి మిట్టకెక్కినయి. ఇటుక కలిసొస్తదని వాళ్లల్ల సాలోమోను, సీతాపతి రెండిండ్ల నడుమ ఒక్కటే గోడ పెట్టుకున్నరు. సాలోమోనుది ముడిమ్యాల. సీతాపతిది రేపల్లె, ఒంటి మనిషి, తిండి సాలోమోను భార్య పద్మమ్మ చేతిదే.

అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లి లేసింది. లాఠీ దెబ్బలకు సాలోమోను తమ్ముని కొడుకు కాలు ఇరిగింది. జూన్‌ల పంతుళ్లంత కూసొని, ఆంధ్రాయన ఇల్లు ఖాళీ చెయ్యాలె అన్నరు. సాలోమోను తల వంచుకొని, "పోతెనే మంచిది" అన్నడు. సీతాపతి తాళంచెవి పద్మమ్మ చేతిల పెట్టి, పెట్టె పట్టుకొని మొయినాబాదుకు బస్సు కోసం పోయిండు. పోతే ఇగ రాడు.

అంతల్నే వాన దంచింది. అందరి ఇండ్లు మిట్టకెక్కినయి. సాలోమోను ఇల్లు లేవబోయింది, మూలిగింది, ఆగింది. అవతలి సగంల పొయ్యి వెలుగుతలేదాయె. పద్మమ్మ ఉరికి ముట్టించింది గని ఇల్లు కదల్లే, ఎవరి పొయ్యి వాళ్లే ముట్టియ్యాలె. నీళ్లు గడప దాటినయి. పంతుళ్లు గడ్డపారలు తెచ్చిన్రు.

"గోడ పగలగొట్టు సాలోమోనూ, నీ సగమన్న దక్కుతది!"

"గోడ మీద దెబ్బ పడ్డదా, నేను ఈడికెంచి కదల," అన్నది పద్మమ్మ. "మన పోరని కాలు ఆయన ఇరగ్గొట్టిండా?"

సాలోమోను సైకిలెక్కిండు.

బస్టాండుల సీతాపతి పెట్టె మీద కూసొని ఉన్నడు.

"ఇల్లు మునుగుతున్నది. వచ్చి పొయ్యి ముట్టియ్యి."

"మీరేగా పొమ్మన్నారు, సాలోమోను గారూ."

"నిజమే, నేనే పొమ్మంటి. నా నోరు పాడుగాను! సిగ్గయితున్నది నాకు."

బస్సు వచ్చింది, ఆగింది, పోయింది.

"అగ్గిపెట్టె పొడిగా ఉందా?" అని అడిగిండు సీతాపతి.

మోకాల్లోతు నీళ్లల్ల నిలబడి, వంటగట్టు మీది పొయ్యి ముట్టించిండు. రెండిండ్లు ఒక్క ఊపున లేచినయి. మిట్ట మీద జాగేది? ముందుగాల ఎక్కిన ఇండ్లతోనే మొత్తం నిండింది. గడ్డపారలు పట్టుకున్నోళ్లు చూస్తుండంగనే, ఆ ఇండ్లు ఎవరినీ అడగకుంట జరంత పక్కకు జరిగినయి.

"చాయ్ పెట్టాల్నా?" గోడ అవతలి నుంచి అడిగింది పద్మమ్మ.

"నా పొయ్యి వెలిగే ఉందమ్మా. ఇవాళ మీ ఇద్దరికీ నేనే పెడతా," అన్నడు సీతాపతి, పెట్టె విప్పుకుంట.