ప్రేగ్ వాళ్ళకు తెలిసిన ప్రభాకర్

"బెండకాయలు కోసినంక ఆ రెండు వైరస్‌లు గూడ జర చూసిపెట్టు," అన్నాడు ప్రభాకర్, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ. గ్యాస్ సిలిండర్ తెప్పించమన్నంత తేలిగ్గా అన్నాడు. స్వర్ణ టిఫిన్ డబ్బా అతని చేతికిచ్చి సరేనంది. ఆ మాటలో వింతేమీ లేనట్టు ఇద్దరికీ ఎప్పుడో అలవాటైపోయింది.

సౌదీలోని అల్ ఖోబర్‌లో ప్రభాకర్ పనిచేసే కంపెనీ ఒక చెక్ దేశపు యాంటీవైరస్‌ను ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అమ్ముతుంది. ఏ కాంట్రాక్టరు ఆఫీసులోనో కంప్యూటర్లు మొరాయిస్తే, అనుమానపు ఫైళ్ళు ప్రభాకర్ దగ్గరికి వస్తాయి. వాటిని విప్పి, ఏ దారిన దూరాయో, ఏం దొంగిలిస్తున్నాయో రాసి ప్రేగ్‌లోని ల్యాబ్‌కు పంపాలి. ప్రభాకర్ మాటకారి. నెట్‌వర్కులు బాగా చూస్తాడు, కస్టమర్లను నవ్విస్తాడు. కానీ వైరస్ కడుపులో ఏముందో ఓపికగా చదవడం అతని వల్ల కాదు. స్వర్ణ పెళ్ళికి ముందు మాదాపూర్‌లో అదే పని చేసింది. ఒకసారి అతను తల పట్టుకుని కూర్చుంటే భుజం మీదుగా తొంగిచూసి, "ఇది అసలు ఫైలు కాదు, పైన తొడుగు. లోపల ఇంకోటుంది" అంది. అప్పటి నుంచి ఆ పని ఆమెదైంది. "ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ కదా, నీకు గూడ టైంపాస్ అయితది," అన్నాడు. అక్కడ ఉండటానికి సర్కారిచ్చే ఆమె ఇఖామా కార్డు మీద, భర్త మీద ఆధారపడి వచ్చిన ఆడవాళ్ళందరి కార్డుల మీద ఉన్నట్టే, పని చేయడానికి అనుమతి లేదని అరబ్బీలో రాసి ఉంటుంది. దాన్ని చుట్టాలకు చూపించి, "నీకు పనేం లేదని సౌదీ సర్కారే రాసిచ్చింది," అని నవ్వేవాడు. జగిత్యాల నుంచి అత్తగారు ఫోన్‌లో అదే మాట ఇంకో రకంగా అనేది. "నీకేం బిడ్డా, ఏసీల కూసోని తినుడేనాయె. నా కొడుకే రెక్కలు ముక్కలు చేస్కుంటున్నడు." స్వర్ణ ఊఁ కొట్టేది. పాపం, ఆమెకు తెలియదు కదా అనుకునేది. తెలియనివాళ్ళ మీద కోపం పెట్టుకుని ఏం లాభం.

నిజం చెప్పాలంటే ఆ పని మీద ఆమెకు కోపం లేదు. కూతురు వెన్నెల బడి బస్సెక్కగానే, కోసిన బెండకాయలను ఒక పక్కకు జరిపి ల్యాప్‌టాప్ తెరిచి, ప్రభాకర్ పేరుతో ప్రేగ్ వాళ్ళ చాట్‌లోకి వెళ్ళడం ఆమె రోజులో అన్నిటికంటే ఇష్టమైన ఘడియ. అక్కడ అందరూ గుమ్మం దగ్గరే బూట్లు విప్పి, ఆఫీసంతా ఇంటి చెప్పులతో తిరుగుతారు. పావెల్ అనే అతని కుక్క బల్ల కింద నిద్రపోతుంది. పన్నెండు కాకముందే భోజనానికి లేస్తారు, ముందు సూప్ తాగనిదే ముద్ద ముట్టరు. వానలు పడి చలి మొదలవగానే అడవికి పోయి పుట్టగొడుగులు ఏరి తెచ్చి, వాటి ఫొటోలు పెట్టి, ఇది తింటే బతుకుతామా అని ఒకరినొకరు అడుగుతారు. వాళ్ళ క్యాలెండర్‌లో దాదాపు ప్రతి తేదీకీ ఒక పేరుంటుంది. ఆ పేరున్నవాళ్ళు ఆ రోజు అందరికీ తినడానికి ఏదో ఒకటి తేవాలి. ప్రభాకర్ పేరు అందులో లేదని, ల్యాబ్ పెద్ద యిట్కా ఎవరి పేరూ లేని ఒక తేదీని వెతికి అతనికిచ్చింది. ఆ రోజు స్వర్ణ సేమ్యా పాయసం చేసి ఫొటో పెట్టింది. ప్రేగ్‌లో అందరూ ప్రభాకర్‌కు శుభాకాంక్షలు రాశారు. సాయంత్రం ప్రభాకర్ గిన్నె ఖాళీ చేస్తూ, "ఇయ్యాల ఏం స్పెషల్?" అని అడిగాడు. మీ పేరు పండుగ అని చెబితే నవ్వి, ఇంకో గరిటె వేయించుకున్నాడు.

స్వర్ణ వాళ్ళమ్మ సిరిసిల్లలో చనిపోయినప్పుడు, ఇంతమంది సౌదీలకు ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో ప్రభాకర్ కంపెనీ ఎర్ర రంగులోకి పడిపోయి ఉంది. సరిపడా సౌదీలను పెట్టుకోలేదని ఎవరి ఇఖామాలూ రెన్యూ కాలేదు. ఇఖామా లేనిదే వెళ్ళి రావడానికి వీసా లేదు. తమ్ముడు ఫోన్ పట్టుకుని నడుస్తుంటే తల్లి చివరి ప్రయాణాన్ని వంటింటి గట్టు మీద పెట్టుకున్న ఫోన్‌లో చూసింది స్వర్ణ. ఆ మరుసటి ఏడు యిట్కా వాళ్ళమ్మ పోయింది. చాట్‌లో అందరూ రెండు మాటలు రాసి ఊరుకున్నారు. స్వర్ణ మాత్రం యిట్కాకు విడిగా రాసింది. మా అమ్మ పోయినప్పుడు నేను వెళ్ళలేకపోయాను, కూర మాడినా ఇప్పటికీ ముందు ఆమెకే ఫోన్ చేయాలనిపిస్తుంది, నంబరు ఎవరికో ఇచ్చేశారు, ఒకసారి ఎవరో ఎత్తి హలో అన్నారు, పెట్టేయలేక వింటూ నిలబడ్డాను, అని. కింద మాత్రం ప్రభాకర్ పేరే ఉంది. అంతకుముందు ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, ప్రభాకర్‌కు కూడా.

తర్వాత సౌదీ సర్కారు లెవీ వచ్చిపడింది. వెంట ఉన్న ప్రతి మనిషికీ నెలనెలా కట్టాలి, ఏటేటా పెరుగుతుంది. బిల్డింగ్‌లో ఇళ్ళు ఖాళీ అవడం మొదలైంది. సోఫాలు, వాషింగ్ మెషీన్లు మెట్ల కిందికి చేరాయి. ప్రభాకర్ కుర్చీని ఒక సౌదీ కుర్రవాడికి ఇవ్వాలని కంపెనీ తేల్చింది. ఈ మాట తెలిసి యిట్కా, మా ల్యాబ్‌కే వచ్చెయ్యి అని రాసింది. ప్రభాకర్ వెన్నెలను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. "ముందుగాల మీరిద్దరు ఎగ్జిట్ వీసా కొట్టిచ్చుకుని ఊరికి పోండ్రి, లెవీ తప్పుతది. నేను ప్రేగ్‌ల కుదురుకోంగనే పిలిపిస్త," అన్నాడు. ఆ ఎండల్లోనే స్వర్ణ బజారంతా తిరిగి వెన్నెలకు ఒక ఉన్ని స్వెటర్ కొంది.

కంపెనీ పని మీద యిట్కా ఖోబర్ వచ్చినప్పుడు ప్రభాకర్ ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆమె లోపలికి వస్తూనే ఎవరూ చెప్పకుండా బూట్లు విప్పి, అబాయా మడిచి సోఫా మీద పెట్టింది. నెరిసిన పొట్టి జుట్టు, సన్నటి మనిషి. స్వర్ణ ఆమెను ఏనాటి నుంచో ఎరిగిన దానిలా చూసింది. "మా మిసెస్, హౌస్‌వైఫ్. వంట చాలా బాగా చేస్తుంది," అని ఇంగ్లీషులో పరిచయం చేశాడు ప్రభాకర్. యిట్కా బగారన్నం ఇష్టంగా తింది. తింటూ తింటూ చెంచా కింద పెట్టి ప్రభాకర్ వైపు తిరిగింది.

"మా అమ్మ పోయినప్పుడు నువ్వు రాసింది నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఏడ్చింది అప్పుడొక్కసారే. ఎదురుగా థాంక్స్ చెప్పాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను."

ప్రభాకర్ ముఖంలో ఏమీ కదల్లేదు. స్వర్ణ వైపు చూసి, పెరుగు అడుగుతున్నట్టు నవ్వుతూనే తెలుగులో, "ఏం రాసినవ్?" అన్నాడు.

అలవాటు ఎంత బలమైనదంటే, స్వర్ణ కూడా పెరుగు గిన్నె ముందుకు జరుపుతూ చెప్పేసింది. "అమ్మ పోయినప్పుడు పోలేకపోయిన్నని. ఆ నంబరుకు ఫోన్ చేసిన్నని."

ప్రభాకర్ తల వంచుకున్నాడు. గొంతు తగ్గించి, "అవును. తల్లి పోవడం చాలా కష్టం. ఇప్పటికీ ఆమె నంబరుకు ఫోన్ చేస్తుంటాను," అన్నాడు ఇంగ్లీషులో. యిట్కా అతని చేయి తట్టింది. జగిత్యాలలో ఆ ఉదయమే ప్రభాకర్ వాళ్ళమ్మ కొడుకుతో ఫోన్‌లో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడింది. స్వర్ణకు తన తల్లి శవాన్ని ఎవరో తన వంటింటి గట్టు మీద నుంచి ఎత్తుకుపోతున్నట్టు అనిపించింది.

"నీకు ఐరోపా ఇష్టం లేదట కదా, రానన్నావట," అంది యిట్కా, ఆమెను కూడా మాటల్లోకి దించాలని. "ప్రభాకర్ ఒక్కడే వస్తానంటే మాకే బాధనిపించింది."

స్వర్ణ ఇంకొంచెం అన్నం వడ్డించింది.

తెల్లారితే శుక్రవారం, అతనికి సెలవు. చాయ్ ముందు పెట్టి అడిగింది. "నేను రానన్ననని ఎందుకు చెప్పిన్రు?"

ప్రభాకర్ తప్పించుకోలేదు. ఏదో ఒకనాడు చెప్పాల్సిందే కదా అన్నట్టు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సూడు స్వర్ణా, నువ్వు అక్కడికొస్తే వాళ్ళు నీతోని మాట్లాడ్తరు. నీకు మాట దాగదు. జగిత్యాలల పైరూముల నాయిన ఫైబర్ లైన్ గూడ వేయిచ్చిండు. ప్రేగ్ టైంకు నీకు పగలే ఉంటది. వెన్నెలను అమ్మ చూస్కుంటది. నువ్వు నిమ్మలంగ పని చేస్కోవచ్చు."

ఆమె సౌఖ్యం గురించి అతను నిజంగానే ఆలోచించాడు. అదే ఆమెను ఎక్కువగా భయపెట్టింది. పైగది, కిటికీ, దాని కింద బల్ల, తెల్లారితే ఫైళ్ళు, మధ్యలో అత్తగారికి మందులు, ఎక్కడో మంచులో నడుస్తూ ఆఫీసుకు వెళ్ళి బూట్లు విప్పే ప్రభాకర్. అన్నీ అమర్చి పెట్టాడు.

"మరి మా అమ్మ?"

"మీ అమ్మకేమైంది?"

"నిన్న రాత్రి మా అమ్మను మీ అమ్మ చేసిన్రు."

"ఓ, అదా," అన్నాడు ప్రభాకర్. "ఆమె ముందట ఇంకేమనాలె మరి? నువ్వు రాసేటప్పుడే జర చూసి రాస్తే అయిపోయేది."

శనివారం యిట్కాను సముద్రపు ఒడ్డున ఉన్న కార్నిష్‌కు తీసుకుపొమ్మని ప్రభాకరే పంపాడు. పరాయి ఆడమనిషితో తను తిరిగితే బాగుండదన్నాడు. సముద్రపు గాలికి ఇద్దరి అబాయాలూ ఎగురుతున్నాయి. వెన్నెల కొంచెం ముందు గవ్వలు ఏరుతోంది. స్వర్ణ ఉపోద్ఘాతం లేకుండా చెప్పేసింది. ఫైళ్ళు చూసేది తనని, చాట్‌లో ఉండేది తనని, పాయసం తనదని.

యిట్కా నడక ఆపింది. "మా అమ్మ గురించి రాసింది?"

"నేనే. పోయింది మా అమ్మ. ఆయన తల్లి బతికే ఉంది."

యిట్కా నీళ్ళ వైపు తిరిగింది. "నువ్వు ఇంకొకరి పాస్‌వర్డ్‌తో మా ల్యాబ్‌లో ఇన్నేళ్ళు ఉన్నావు," అంది. "మాది ఏం కంపెనీయో నీకు తెలుసు. దీన్ని నేను దాచలేను. అతన్ని తీసుకోలేం. నిన్నూ తీసుకోలేను."

"తెలుసు. తీసుకోమని చెప్పలేదు."

"మరి ఎందుకు చెప్పావు?"

"ఆ మాటలు ఆయన నోట విన్న తర్వాత, ఇక ఆ పేరుతో ఒక్క అక్షరం కూడా రాయలేను."

యిట్కా తల ఊపింది కానీ దగ్గరికి రాలేదు. "నేను ఎవరికి నా మనసు చెప్పుకున్నానో నాకే తెలియదన్నమాట," అంది. తను కూడా ఒకరిని మోసం చేసిందన్న ఆలోచన స్వర్ణకు అప్పటిదాకా తట్టలేదు. క్షమించమని అడిగింది. యిట్కా వెన్నెల తెచ్చిచ్చిన గవ్వ తీసుకుని జేబులో వేసుకుంది.

ఆ వారంలోనే లాగిన్ ఆగిపోయింది. ప్రేగ్ ఉద్యోగం పోయింది. ప్రభాకర్ అరవలేదు. "ఇల్లు కూలగొట్టినవ్," అని ఒక్క మాటన్నాడు, ఆ తర్వాత పెట్టింది తిని వెళ్ళిపోయేవాడు. ఎగ్జిట్ వీసాలు మాత్రం అప్పటికే పడ్డాయి. పెట్టెలు సర్దడానికి పక్కింటి తాజున్నీసా వచ్చింది. కడప మనిషి, తనూ రెండు నెలల్లో వెళ్ళిపోయేదే. అంతా విని, చీర మడత పెడుతూ, "మగోళ్ళకు అన్నం పెట్టినామని చెప్పుకుంటాం గానీ, ఉద్యోగం పెట్టినామని యాడ చెప్పుకుంటాం సొర్ణా," అంది.

శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు మామగారు మల్లేశం కారు మాట్లాడుకుని వచ్చాడు. తిన్నావా బిడ్డా అని అడిగేది ఆ ఇంట్లో ఆయనొక్కడే. ఆయన్ను చూడగానే స్వర్ణకు కళ్ళు తడిశాయి. పెట్టెలు డ్రైవర్‌తో డిక్కీలో పెట్టించి, వెన్నెలను వెనక సీట్లో కూర్చోబెట్టి, స్వర్ణ చేతికి నీళ్ళ సీసా ఇచ్చాడు.

"ప్రభాకర్ ఫోన్ల అంత చెప్పిండు. కోపంల అయిపాయె, పోనీ," అన్నాడు మెల్లగా. "దుబాయ్‌ల ఇంకో కంపెనీ చూస్తున్నడట. అది దొరుకుతే మల్ల నువ్వే ఆసర కావాలె బిడ్డా."

స్వర్ణ చేయి కారు తలుపు మీద ఆగింది. "నేను ఆసరేంది మామా?"

"నీ పనే కదనే అంత. మాకు మొదట్నుంచి ఎర్కే. మీ అత్తకు గూడ ఎర్కే. బయట అంటే ఇజ్జత్ పోతదని వాడు చెప్పొద్దన్నడు, మేం అనలే." ఆయన దాన్ని మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ ముఖంలో కల్మషం లేదు.

ఏసీల కూసోని తినుడేనాయె. ఆ గొంతు ఎన్ని మధ్యాహ్నాలు విన్నది, ఎన్నిసార్లు తెలియక అంటోందని తనకు తాను చెప్పుకుంది. నీకేం పని అని అడిగిన చుట్టాలు, అందరినీ ఆ ఒక్క మాట మీదే మన్నించుకుంటూ వచ్చింది. తెలియనితనం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. ఉన్నదల్లా తనకే.

"వెన్నెలా, దిగు బిడ్డా," అంది స్వర్ణ. తర్వాత డ్రైవర్ వైపు తిరిగింది. "అన్నా, జర డిక్కీ తెర్వు. మా సామాను దించుకుంటం."