పెట్టెలో పన్నెండో గుంట

మాట జారడం మా ఇంటి జబ్బు. నాన్నకి ఉండేది, పోతూ పోతూ నాకు అంటగట్టాడు. లేకపోతే మ్యా మ్యా ఆ తుపాకీని నా బల్ల మీద పెట్టి "దీనికి మర దొరుకుతుందా మ జయ?" అని, జయక్కా అన్నట్టు బర్మా వరసలో, అడగ్గానే, "మా నాన్న పెట్టెలో లేని మర ఈ రంగూన్‌లోనే లేదు" అని ఎందుకంటాను?

అహ్లోన్ రేవు వెనక లేతు షాపు నాది. నాన్న వీరన్న ఇక్కడి బియ్యం మిల్లులో ఫిట్టరు. మిల్లు మూతపడ్డాక ఈ షాపు పెట్టి నాకు పని నేర్పాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. మొదట్లో ఆడమనిషి లేతు ఎలా తిప్పుతుందో చూడ్డానికే సగం మంది వచ్చేవారు. ఇప్పుడు పని ఇచ్చి పోతున్నారు.

మ్యా మ్యా సినిమా కంపెనీలకి పాత సామాన్లు అద్దెకిస్తుంది. ఆమె అమ్మమ్మ మా తెలుగావిడే. ఆ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు మాత్రం మూడే మాటలు: తిను, పో, ఏటి. మిగతాదంతా బర్మా భాషలోనే. ఆమె తెచ్చింది పెద్ద యుద్ధం నాటి ఇంగ్లీషు సిపాయి రైఫిలు. గొట్టంలో సీసం పోసేశారు, పేల్చే సామానంతా పీకేశారు, ఇది చచ్చిన తుపాకీ అని ముద్ర వేసిన కాగితం కూడా ఉంది. దీపావళి టపాకాయంత కూడా పేలదు. కానీ చచ్చినదైనా కెమెరా ముందు బతికున్నట్టు కనిపించాలి కదా. ట్రిగ్గరు దగ్గర ఇనుముని చెక్కకి బిగించే మర, అదే స్క్రూ, ఎక్కడో పడిపోయింది. హీరో తుపాకీ భుజానికెత్తితే చాలు, చెక్క ఒక పక్కకి, ఇనుము ఒక పక్కకి. షూటింగు బుధవారం. ఆవేళ శనివారం.

"ఏదో ఒక మర దూర్చెయ్యి, ఎవరు చూడొచ్చారు?" అంది.

నాకు ఒళ్ళు మండింది. "దూర్చే షాపులు ఈ వీధిలో నాలుగున్నాయి, పో" అన్నాను. ఆ తెలుగు మాట ఆమెకి తెలుసు. నవ్వి కూర్చుంది.

సంగతేమిటంటే, ఆ మర పళ్ళది పాత ఇంగ్లీషు అంగుళాల లెక్క. నా లేతు చైనాది, మిల్లీమీటర్లు తప్ప దానికి మరో భాష రాదు. అలాంటి మర చెయ్యాలంటే అదే కొలత డై కావాలి. డై అంటే చిన్న ఉక్కు బిళ్ళ. నడుమ కంతలోకి ఇనప కడ్డీని పెట్టి తిప్పితే చుట్టూ పళ్ళు కోసుకుంటూ పోతుంది. మిల్లు దొరలు వదిలేసిపోయిన అలాంటి డైలు టేకుపెట్టెలో పెట్టి నాన్న దాచాడు. పన్నెండు గుంటలు, గుంటకొకటి.

పెట్టె తెరిచాను. పదకొండు ఉన్నాయి. తుపాకీ కంతకి ఒక్కో కొలతా చూశాను. ఒక్కటీ సరిపోలేదు. పన్నెండో గుంట పక్కన నాన్న చెక్కిన అంకె చూశాను. సరిగ్గా అదే కొలత. ఆ గుంట ఖాళీ.

ఖాళీ అని నాకు కొత్తగా తెలియడం కాదు, ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలుసు. ఏటా దసరాకి పదకొండు డైలకి పసుపు, కుంకుమ పెట్టి ఆ ఖాళీ గుంటలో కూడా ఒక బొట్టు పెట్టేది నేనే. ఆ ఏడు దీపావళి మర్నాడు నాన్న పెట్టె తెరిచి పన్నెండోది లేదని గుండెలు బాదుకున్నాడు. ముందురోజు సాయంత్రం ఇంటికి వచ్చి వెళ్ళింది ఒక్కడే, మా మేనత్త చిన్నతల్లి మొగుడు కృష్ణకుమార్ మావ. నాన్న నేరుగా గుడికెళ్ళి పదిమందిలో మావని దొంగ అన్నాడు. మావ భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నాడు చూశారా అని నాన్న అందరికీ చూపించాడు.

మాలో తగువులొస్తే కొట్టుకోం, కోర్టుకెక్కం. వాళ్ళింట్లో తినడం మానేస్తాం. "ఆ ఇంటి నూనె చుక్క నా గడప దాటకూడదు" అన్నాడు నాన్న. అత్తేమో చిమిండైంగ్ బజారులో జంతికలు అమ్ముతుంది. మన తెలుగువాళ్ళే కాదు, బర్మావాళ్ళు కూడా వరసలో నిలబడి కొనుక్కుంటారు. పెళ్ళిళ్ళలో ఆ పళ్ళెం రాగానే నేను మొహం తిప్పుకునేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళు అత్తని శిక్షించామనుకున్నాం. నోరు కట్టుకున్నది మేము.

ఆదివారమంతా పాత ఇనుము కొట్లు తిరిగాను. సోమవారం బస్సెక్కి లైంగ్‌థార్యార్ పోయాను. అక్కడ బట్టల ఫ్యాక్టరీల మిషన్లు బాగుచేసే థు రేయిన్ నాకు తెలుసు. సొరుగులన్నీ బోర్లించాడు. డైలు మూడు దొరికాయి, మూడూ మిల్లీమీటర్లవే.

"అంత పాత సామాను కొట్లలో ఉండదు, పాత మనుషుల ఇళ్ళలో ఉంటుంది" అన్నాడు.

నాకు తెలిసిన పాత మనుషుల ఇల్లు ఒక్కటే. మంగళవారం పొద్దున్న చిమిండైంగ్ బయల్దేరాను. ఆడిన మాట పోతే మ్యా మ్యా ఇంకో షాపు చూసుకుంటుంది, అది ఒక బాధ. పోయేది నా మాట ఒక్కటే కాదు, నాన్న పెట్టె పరువు కూడా. దారంతా దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను, మావ ఆ డై నిజంగానే దొంగిలించి ఉండాలి స్వామీ అని.

అత్త పొయ్యి ముందు పొట్టి పీట మీద కూర్చుని ఉంది. డెబ్బై దాటినా జంతికల గొట్టం నొక్కే చెయ్యి వణకడం లేదు. నన్ను చూసి గుర్తుపట్టింది గానీ చెయ్యి ఆపలేదు.

"ఏటే గుంటా, దారి తప్పినావేటి?"

నాకు యాభై ఏళ్ళు. నన్ను ఇంకా చిన్నపిల్లలా గుంటా అనేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు.

"మావ లేడా అత్తా?"

"మోకాళ్ళ నొప్పులు, ఇంటికాడే ఉన్నాడు. ఏటి పని?"

"ఒకటి అడగాలని వచ్చాను."

"అడుగుదువుగాని. ముందు తిను." ఆకులో నాలుగు జంతికలు పెట్టి నా ముందుకి తోసింది. "తినకపోతే ఎల్లిపో. నాకాడ తినని మనిసితో నాకు మాటల్నేవు."

నాన్న ఒట్టు గుర్తొచ్చింది. బుధవారం కూడా గుర్తొచ్చింది. ఒక జంతిక తీసి విరిచాను.

విరిచిన చోట నాలుగు రేకులు. మామూలు జంతికకి ముళ్ళుంటాయి. ఇది నాలుగు గుండ్రటి రేకులు నడుమ కలిసిన పువ్వు. డై నడిమి కంత కూడా ఇదే పువ్వు. ఆ పువ్వుకి ఏటా దసరాకి పదకొండుసార్లు బొట్టు పెడుతున్న చెయ్యి నాది.

"అత్తా, ఆ గొట్టం ఒకసారి ఇలా ఇయ్యి."

"పిండుందే!"

లాక్కున్నాను. అడుగున ఇనప పళ్ళెం, పళ్ళెం నడుమ బిగించిన చిన్న ఉక్కు బిళ్ళ. వేలితో పిండి తుడిచాను. అంచు మీద ఇంగ్లీషు అక్షరాలు, కింద అంకె. రంగూన్ వానలకి నా షాపులో ప్రతి ఇనుమూ తుప్పు పట్టింది. ఇది మాత్రం రోజూ నూనె తాగుతూ ముప్పై ఒక్క ఏళ్ళు నున్నగా ఉంది. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"ఇదెవరిచ్చారు?"

"ఇంకెవులిత్తారు? మీ నాన్నే. దీపావళి రేతిరి నా బిళ్ళ ఇరిగిపోనాది, ఏడుత్తూ కూకున్నాను. ఆడొచ్చి, నా కాడో బిళ్ళుందే సెల్లీ అని తెచ్చి బిగించినాడు. రేపు కొత్తది సేసి దీన్ని అట్టుకుపోతానన్నాడు. మర్నాడే మా ఆయన్ని దొంగన్నాడు, మరింకెలగ వత్తాడు?"

"తాగున్నాడా?"

"దీపావళి కదే."

తాగి తనే ఇచ్చి, తెల్లారేసరికి తనే మరిచిపోయాడు. నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు కూడా వచ్చింది. "మరి గుళ్ళో అరిచినప్పుడు చెప్పలేదేం అత్తా, ఇది నీ దగ్గరుందని?"

"నా ఇంగిలీసు డై పోనాదని అరిసినాడు. అదేదో పెద్ద మిసననుకున్నాం. ఇదని నాకేటి తెల్సు?" అత్త బిళ్ళకేసి చూసి, నాకేసి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో. ఇదేనేటే?"

ఇంక అనుమానానికి చోటు లేదు. నాన్న ఆ తర్వాత ఒక్కసారి, ఒక్క జంతిక విరిచి ఉంటే చూడగానే తెలిసిపోయేది. అంత ఫిట్టరు ఆయన. ఆ కోపమే ఆయన కళ్ళు కట్టేసింది. నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది. చచ్చిపోయాడు కాబట్టి బతికిపోయాడు.

బిళ్ళ ఇవ్వడానికి అత్త ఊరికే ఒప్పుకోలేదు. గురువారం గుళ్ళో వ్రతానికి జంతికలు ఒప్పుకుందట. "రేపు మజ్జానానికి నా బిళ్ళ నాకు కావాల" అంది. నా బిళ్ళ అంది, విన్నారా?

ఆ సాయంత్రం డైని వేడినీళ్ళతో కడిగి, పిడికి బిగించి, కడ్డీ మీద తిప్పాను. పళ్ళు వెన్న కోసినట్టు కోసింది. షాపంతా వాము వాసన. మర తుపాకీలోకి చివరి చుట్టు దాకా వేళ్ళతోనే దిగింది. బుధవారం పొద్దున్న మ్యా మ్యా తుపాకీని భుజానికెత్తి ఊపి చూసి, మర ఎక్కడ దొరికిందని అడిగింది. జంతికల్లో అన్నాను. ఎగతాళి అనుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అత్త ఇంటికి వెళ్ళాను. మావ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అత్త చెప్పే ఉంటుంది, నన్ను చూడగానే తువ్వాలు సర్దుకున్నాడు. అదే తువ్వాలు సర్దడం. నేను ఎదురుగా నిలబడి, "మావా, దొంగవి నువ్వు కాదు. తప్పు మా నాన్నది. ఇన్నాళ్ళూ నమ్మినందుకు నాది కూడా. రేపు వ్రతంలో, గుళ్ళో ఆ పదిమందిలోనే చెప్తాను" అని డై ఆయన అరచేతిలో పెట్టాను.

మావ దాన్ని వెలుతురుకి పట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కంతలోంచి నన్ను చూశాడు.

"ఇదేనేటి?"

"ఇదే మావా."

"ఇంత సిన్నదా?" అన్నాడు. "ముప్పయ్యేళ్ళ బట్టీ, నానేదో పెద్ద బరువైన సామాను ఎత్తుకుపోనానని జనం అనుకుంటన్నారనుకున్నాను."

నాకు మాట రాలేదు. మా వంశంలో మొదటిసారి.

అత్త లోపల్నుంచి వచ్చి మావ చేతిలోంచి బిళ్ళ లాక్కుని గొట్టంలో బిగించింది. "సాల్లే, పిండారిపోతంది. ఇద్దరూ లోపలికొచ్చి తినండి."