ఒంటి పరుపు

చేతులు రెండూ ఎడమవేనని మొదట కనిపెట్టింది కాజాలక్క. కాజాలు కుట్టడంలో ఆ వర్క్‌షాపులో ఆమెను మించినవాళ్ళు లేరు, నోరు పారేసుకోవడంలోనూ లేరు. ఆ రోజు మనుషులు తక్కువై ఆమెను బ్యాండుమేళం కోట్లకి చేతులు అతికించే పనికి కూర్చోబెట్టారు. మొదటి కోటుకి ఎడమ చెయ్యి అతికించింది. కుడిది అనుకుని ఇంకోటి తీసింది. అదీ ఎడమే. కట్ట విప్పి మొత్తం తిరగేసి, "ఏంటమ్మా ఇది, ఈ బ్యాండువాళ్ళందరికీ రెండూ ఎడమ చేతులేనా? పాపం, బూరలు ఎలా పట్టుకుంటారు?" అని పడీపడీ నవ్వింది.

ఆ నవ్వు హాలు చివర ఉన్న కటింగ్ బల్ల దాకా వినిపించింది. అక్కడ నిలబడ్డ మాస్టరమ్మ కోస్తున్న కత్తి ఆపేసింది.

మాస్టరమ్మ అంటే కటింగ్ మాస్టర్. పంతొమ్మిదేళ్ళుగా ఆ బల్ల ఆమెది. డెబ్భై పొరల బట్టని కరెంటు కత్తితో ఒక్క పోగు లేవకుండా కోస్తుంది. ఎవరి కొలతా ఏనాడూ కాగితం మీద పెట్టలేదు. వచ్చిన మనిషిని ఓసారి ఎగాదిగా చూసి భుజం ఇంత, నడుం ఇంత అని చెప్పేసేది. అదే మనిషి మూడేళ్ళకి మళ్ళీ వస్తే "కాస్త ఒళ్ళు చేశారే" అని మొహం మీదే అనేసేది. పొగరంటే పొగరే మరి. ఆ పొగరు ఆమెకి బాగానే నప్పేది.

నిరుడు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, కీమో అయింది, జుట్టంతా రాలిపోయి మళ్ళీ మొలిచింది, ఈసారి ఉంగరాలు తిరిగి మరీ మొలిచింది. నాలుగు నెలల కింద మళ్ళీ పనిలో చేరినప్పుడు అందరూ "అమ్మయ్య, గండం గట్టెక్కావు" అన్నారు. మనిషి గట్టెక్కింది గానీ తల ఇంకా నీళ్ళలోనే ఉండిపోయిందని ఆమె ఎవరితోనూ అనలేదు. ఇస్త్రీపెట్టె పేరు నోటికి రాక "ఆ వేడిది ఇలా ఇవ్వు" అంటే కాజాలక్క వారం రోజులు అదే మాట పట్టుకుని ఏడిపించింది. నడుం ముప్ఫై నాలుగు అని విని బల్ల దాకా నడిచేలోపు అది ముప్ఫై నాలుగో నలభై మూడో తేలేది కాదు. అరచేతిలో రాసుకునేది, చెమటకి చెరిగిపోయేది. డాక్టరమ్మని అడిగితే, "చాలామందికి ఇలా అవుతుందమ్మా. మందుల వల్ల కావచ్చు, నిద్రలేమి, బెంగ, అన్నీ కలిసీ కావచ్చు. మెల్లగా తగ్గుతుంది, ఎన్నాళ్ళకంటే మాత్రం చెప్పలేను" అంది. ఇంట్లో భర్త ఇంకో రకం ధైర్యం చెప్పాడు. "మతిమరుపు ఎవరికి లేదే? నేను కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకనూ?" ఆయన కళ్ళజోడుకీ తన తలకీ పోలికేమిటని ఆమెకి ఒళ్ళు మండేది.

పరుపు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ గొడవ బోధపడదు. బట్టని బల్ల మీద పొరలుపొరలుగా పరవడం పరుపు బాబాయ్ పని. పెళ్ళాం తప్ప ప్రపంచమంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది. మామూలు బట్టయితే ఒక పొర మొహం పైకి, ఒక పొర మొహం కిందికి పరుస్తాడు. అలా పరిస్తే ఒకే అట్ట నమూనా పెట్టి కోసినా కుడి ఎడమ చేతులు జంటగా వచ్చేస్తాయి. దాన్ని జోడీ అంటారు. మఖమల్‌లా నూగు ఉన్న బట్టని అలా పరవకూడదు. పరిస్తే ఒక చెయ్యి ముదురుగా, ఒకటి లేతగా కనబడతాయి. అందుకని పొరలన్నీ మొహం పైకే పరవాలి. అది ఒంటి పరుపు. అప్పుడు మాస్టర్ అట్టని ఓసారి మామూలుగా, ఓసారి తిరగేసి పెట్టి కొయ్యాలి. పరవడం అయిపోగానే బాబాయ్ బల్లని రెండుసార్లు తట్టి "జోడీ" అనో "ఒంటి" అనో చెబుతాడు. మాస్టరమ్మ "ఊఁ" అంటుంది. పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా రాతకోతలు అంతే.

ఈ కోట్ల చేతులకి నీలం నూగు బట్ట. అరవై కోట్లు, నూట ఇరవై చేతులు. అట్ట ఒక్కసారీ తిరగెయ్యలేదు, అన్నీ ఎడమవే.

యజమానురాలు పై అంతస్తు నుంచి దిగి వచ్చింది. భర్త పోయాక వర్క్‌షాపు నెత్తిన పడింది గానీ, బట్టకి మొహమేదో వీపేదో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. కట్ట చూసి "ఎవరి తప్పు?" అని ఒక్క ముక్క అడిగింది.

"ఒంటి అని చెప్పానమ్మా," అన్నాడు బాబాయ్.

"చెప్పలేదు," అంది మాస్టరమ్మ. "జోడీ అన్నాడు. నాకు బాగా గుర్తుంది."

గుర్తుందనే అనుకుంది. బాబాయ్ బల్ల తట్టడం, జోడీ అనడం కళ్ళకి కట్టినట్టుంది. కాకపోతే అది నిన్నటి మాటో, మొన్నటిదో, పదేళ్ళ కిందటిదో? ఆ అనుమానం మాట నోరు దాటాక గానీ రాలేదు. చుట్టూ పదిమంది చూస్తున్నారు. ఇప్పుడు "ఏమో, తెలీదు" అంటే ఈ బల్ల తనకి ఉంటుందా?

బాబాయ్ ఆమె మొహంలోకి ఓసారి చూశాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి.

"పరిచేవాడివి, ఆ మాత్రం చూసుకోవద్దా? రేపట్నుంచి కింద గోడౌన్లో మూటలు సర్దు," అంది యజమానురాలు. బాబాయ్ బట్ట సాపుచేసే కర్రని బల్ల కింద జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంట్లో ఆమెకి ముద్ద దిగలేదు. కంచం పక్కకి నెట్టి భర్తని అడిగింది.

"ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. ఈ మధ్య మీరు చెప్పిన మాటని చెప్పలేదని నేను ఎప్పుడన్నా వాదించానా?"

"వాదిస్తుంటావు."

"మరి నేనే ఒప్పని ఊరుకుంటారేం?"

"ఏం చెయ్యనే? గెలిచినప్పుడు కాస్త నవ్వుతున్నావు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! అందుకని ఊరుకుంటున్నా."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ తను గెలిచిందనుకున్నవన్నీ ఆయన జాలిపడి వదిలేసినవన్నమాట. కోపం రావాలి, రాలేదు, భయం వేసింది. బాబాయ్ సంగతి అప్పుడు సరిగ్గా ఆలోచించింది. నూగు బట్టని ఆయన జోడీగా పరవడు. పని నేర్చుకునే మొదటి నెలలో పిల్లలు కూడా పరవరు. అసలు ఆయన చెప్పినా చెప్పకపోయినా, వేళ్ళకి నూగు తగలగానే తనకే తెలియాలి. పంతొమ్మిదేళ్ళ వేళ్ళు! అవి కూడా ఊరుకున్నాయి.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందే గోడౌన్‌కి వెళ్ళింది. బాబాయ్ మూటలకి తాళ్ళు బిగిస్తున్నాడు.

"బాబాయ్, నువ్వు ఒంటి అనే చెప్పావు కదూ?"

ఆయన తలెత్తలేదు. "పోనిద్దూ మాస్టరమ్మా. ఏమో, నేనే చెప్పలేదేమో. నాకూ అరవై దాటాయి కదా."

ఒక్క క్షణం ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అబద్ధం ఆడక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. మారుమాట్లాడకుండా మెట్లెక్కి వెళ్ళిపోతే బల్ల తనదే. కాళ్ళు నిజంగానే మెట్ల వైపు తిరిగాయి. రెండు మెట్లెక్కి ఆగిపోయింది.

"నువ్వు కూడా నన్ను గెలిపించకు బాబాయ్," అంది. పైటతో కళ్ళు తుడుచుకుంది. "నా తల నాకు సాక్ష్యం చెప్పడం లేదు. నువ్వూ అబద్ధమాడితే నేనింక ఎవర్ని అడగాలి?"

అంతవరకూ ఆమె ఏడవడం ఆయన చూడలేదు, జుట్టు పోయిన రోజుల్లో కూడా. తాడు వదిలేసి చేతులు దులుపుకున్నాడు.

"చెప్పాను. రెండుసార్లు చెప్పాను. మొదటిసారి నువ్వు ఊఁ అనలేదు, ఎటో చూస్తున్నావు. మళ్ళీ తట్టి చెప్పాను. అప్పుడు ఊఁ అన్నావు."

మాస్టరమ్మ కళ్ళు మూసుకుని ఆ ఊఁ కోసం వెతికింది. ఎంత వెతికినా దొరకలేదు. మసకమసకగా కూడా లేదు.

తిన్నగా పై అంతస్తుకి వెళ్ళింది.

"మేడమ్, బాబాయ్ ఒంటి అనే చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. తప్పు నాది."

యజమానురాలు కళ్ళు చిట్లించింది. "నిన్న చెప్పలేదన్నావుగా. ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"లేదండీ. గుర్తు రాలేదు. అయినా చెప్పాడు."

ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. కుర్చీ చూపించింది, మంచినీళ్ళు ఇచ్చింది. మెల్లగానే అడిగింది. "మరి రేపు నీ చేతికి కత్తి ఎలా ఇవ్వమంటావు?"

మాస్టరమ్మ కత్తి మిషను తాళంచెవి తీసి ఆవిడ ముందు పెట్టింది.

"ఇవ్వకండి," అంది. "బాబాయ్‌ని మాత్రం పైకి పిలిపించండి."