వానపాములకు పాలిష్

ఆవిడకు విశ్వవిద్యాలయంలో పేరు లేకపోలేదు, ఉన్న పేరును ఎవరూ వాడరంతే. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పై అంతస్తులో వైస్ ఛాన్సలర్ దాకా అందరికీ ఆవిడ వానపాముల మేడం. పద్దెనిమిదేళ్లుగా వానపాములతో కాపురం చేస్తున్నందుకు దక్కిన బిరుదు అది. వానపాముకు వెన్నెముక ఉండదు. ఆ అర్హతతో విశ్వవిద్యాలయంలో ఎంతో పైకి రావచ్చు. పాపం, వాటికి కిందికి పోవడమే ఇష్టం.

ల్యాబ్ వెనక రేకుల గదిలో ఇరవై ఆరు ట్రేల మట్టి ఉంది. ఆ మట్టిని కంటికి రెప్పలా చూసుకునే బాబాయ్ ఉన్నాడు. సొంత బాబాయ్ కాదు. పదకొండేళ్లుగా ట్రేలు తడుపుతూ, జల్లెడ పడుతూ, పాములను లెక్కపెట్టి పుస్తకంలో రాస్తూ బాబాయ్ అయిపోయాడు. ప్రాజెక్టు ఉన్నంతవరకే ఉండే ఉద్యోగం ఆయనది. ఈ ప్రాజెక్టు వేసవి సెలవులకు ముగుస్తుంది. కొత్త గ్రాంటు వస్తే బాబాయ్ ఉంటాడు, రాకపోతే బాబాయ్‌కి బైబై. అరవై నిండడానికి ఇంకా మూడేళ్లు. ఆ వయసులో ఇంకెవరు పిలిచి పనిస్తారు?

అందుకని మేడం మూడు వారాలు కూర్చుని పదకొండు పేజీల దరఖాస్తు రాసింది. బీడుపడిన నలభై పొలాల్లో వానపాములు ఎందుకు మాయమయ్యాయి, తిరిగి రావాలంటే ఏం చేయాలి. ఇంతే విషయం. చదివినవాడికి అర్థమయ్యేలా ఉంది. అదే దాని లోపమని డిపార్ట్‌మెంటు హెడ్డుగారు తేల్చారు.

హెడ్డుగారిని వెనకాల జోడింపులాయన అంటారు. ఎవరు ఏది రాసినా అందులో తన పేరు జోడిస్తారు. హెడ్డు అనే మాటలోనే ఎదుటివాళ్ల హెడ్డేక్ దాగి ఉందని ఆయన్ను చూశాకే తెలుస్తుంది.

"వానపాములేంటమ్మా, టిఫిన్ చేసొచ్చి కూర్చుంటారు కమిటీవాళ్లు. కడుపులో తిప్పదూ?" అన్నాడాయన, పేజీలు తిప్పకుండానే. "దీంట్లో ప్రభావం లేదు."

"భావం ఉంది కదా సార్."

"భావం ఎవడికి కావాలి? పాలిష్‌కి పంపించు."

పాలిష్ అంటే మెరుగుదల విభాగం. దరఖాస్తులకు నిగారింపు పెట్టడానికే విశ్వవిద్యాలయం నలుగురిని కూర్చోబెట్టింది. అక్కడొక ఆనవాయితీ ఉంది. రాసినవాళ్లు ఆఖరి పేజీ మీద ముందే సంతకం పెట్టి ఇచ్చేయాలి. ఆ తర్వాత వాళ్లు తోమి, రుద్ది, తళతళలాడించి నేరుగా నిధుల మండలికి పంపేస్తారు.

"పంపేముందు ఒక్కసారి చూస్తానమ్మా," అంది మేడం.

"చూస్తే మీరు మారుస్తారు మేడం," అంది పాలిష్ అమ్మాయి, ముద్దుగా. "మీరు మారిస్తే మేం మళ్లీ మార్చాలి. గడువు సాయంత్రం అయిదింటికి. ఇంతవరకు ఎవ్వరూ చూడలేదు. ప్రొఫెసర్లే చూడలేదు!"

ఆ చివరి మాట గర్వంగా అంది. మేడం సంతకం పెట్టేసింది.

రెండు నెలల తర్వాత మండలి నుంచి మేడంకే ఒక మెయిల్ వచ్చింది. ఎవరో పంపిన దరఖాస్తును నిపుణురాలిగా పరిశీలించి అభిప్రాయం చెప్పమని. పక్షపాతం రాకుండా ఎవరిదన్నది మండలి చెప్పదు, పేర్లన్నీ నల్లగా కొట్టేస్తుంది. నేలలో బతికే జీవుల మీద మండలి జాబితాలో ఉన్న నిపుణులు ఇద్దరే. ఒకరు ఈవిడ, రెండోవారు చెదపురుగుల ప్రొఫెసరు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల తుడిచి, ఆ కాగితాలు పరుచుకుని కూర్చుంది. ఎదురుగా భర్త పిల్లల లెక్కల పేపర్లు దిద్దుతున్నాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారాయన. ఇద్దరి చేతుల్లోనూ ఎర్ర పెన్నులే.

మొదటి పేజీకే మేడం ముక్కుపుటాలు అదిరాయి.

"ఏవండీ, ఇది వినండి. 'స్వయంచాలిత మృత్తికా కర్తల సమీకృత సాధికారత.' ఏమిటిది?"

"ఏదైనా పార్టీ మేనిఫెస్టో అయ్యుంటుంది."

"వానపాములండీ! వానపాము అనడానికి సిగ్గుపడి చచ్చాడు. పైగా డ్రోన్లతో ఆకాశం నుంచి లెక్కపెడతాట్ట. ఎక్కడో నేల కింద ఉండేవాటిని!"

"పోనీ, వానపాములు పైకి చూసి చెయ్యి ఊపుతాయేమో."

"నాలుగు వేల పొలాలట. మనుషులు ఎంతమందో తెలుసా? ఒక్కడు. ఆ ఒక్కడెవడో గానీ తల్చుకుంటే కడుపు తరుక్కుపోతోంది." చివరి పేజీకి వచ్చేసరికి మేడం మొహం ఎర్ర పెన్నుకు పోటీ వచ్చింది. "చూశారా వీడి తెగింపు! నా వ్యాసాలు తొమ్మిది ఉదహరించాడు. ఒక్కటంటే ఒక్కటి చదవలేదు!"

"అభిమాని కాబోలు, వదిలెయ్యవోయ్."

వదలలేదు. ఈ ఏడాది మండలి ఇచ్చేది ఒకే ఒక్క గ్రాంటు. ఈ మృత్తికా కర్త గట్టెక్కితే తన దరఖాస్తు మునుగుతుంది, దాంతో బాబాయ్ మునుగుతాడు. ఆ సంగతి మేడం మనసులో ఒక మూల మెదిలింది. న్యాయంగానే రాస్తున్నానని తనకు తాను రెండుసార్లు చెప్పుకుంది. ఒకసారి చెప్పుకుంటే సరిపోయే మాటను రెండుసార్లు ఎందుకు చెప్పుకోవలసి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు. పెన్ను తీసింది, దుమ్ము దులిపింది.

"ఈ దరఖాస్తు రాసినవారు జన్మలో వానపామును చూసి ఉండరు. ఒకవేళ చూసినా, వీరిని చూసి అది భూమిలోకి పోయి ఉంటుంది. తాము ఉదహరించిన తొమ్మిది వ్యాసాలనూ వీరు చదవలేదని ప్రమాణం చేసి చెప్పగలను. వీరికి ఒక్క పైసా ఇచ్చినా అది మట్టిపాలే." ఇంకా ఇలాంటివే పేజీన్నర.

పంపేసి, చాలా రోజుల తర్వాత హాయిగా కాఫీ తాగింది.

నెల తిరక్కుండానే హెడ్డుగారు పిలిపించారు. మొహం కందగడ్డలా ఉంది.

"మన గ్రాంటు కొట్టేశారమ్మా. ఎవడో దుర్మార్గుడు రాసిన రిపోర్టు చూడు. 'వీరిని చూసి అది భూమిలోకి పోయి ఉంటుంది' అట! నా పేరున్న కాగితం మీద!"

ఆ మాటలు వినగానే మేడంకు నిజంగానే భూమిలోకి పోవాలనిపించింది. వెనక రేకుల గదిలో ఇరవై ఆరు ట్రేల మట్టి ఉంది, ఒక్కదాంట్లోనూ ఆవిడ పట్టదు.

"సార్, మన దరఖాస్తు పేరేమిటి?"

"తెలీదా? స్వయంచాలిత... స్వయం... నాకూ పూర్తిగా నోరు తిరగదులే. మంచి పేరు."

రేకుల గదిలోకి వచ్చేసరికి బాబాయ్ ఒక ట్రే ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏమైందమ్మా? మొహం అలా పాలిపోయింది?"

"గ్రాంటు పోయింది బాబాయ్."

ఆయన జల్లెడ కింద పెట్టాడు. "ఎవరు పోగొట్టారు?"

"నేనే." జరిగిందంతా చెప్పింది. తొమ్మిది వ్యాసాల దగ్గర ఆయనకు నవ్వొచ్చింది గానీ, ఆవిడ మొహం చూసి మింగేశాడు.

"మరి మీరు రాసింది తప్పా అమ్మా?"

"ఒక్క అక్షరం తప్పు కాదు. అదే కదా ఏడుపు."

ఆ సాయంత్రమే మండలికి ఉత్తరం రాసింది. ఆ సమీక్ష నాదే, ఆ దరఖాస్తూ నాదే, తెలియక నా మీద నేనే తీర్పు చెప్పుకున్నాను, నా అసలు పదకొండు పేజీలు జతచేస్తున్నాను, దయచేసి అవి చదవండి అని. పరువు పోతుందని తెలుసు. ఊరుకుంటే బాబాయ్ పోతాడు. పంపే ముందు భర్తకు చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చదివాడు.

"మా బడిలో ఎవడైనా తన పేపర్ తనే దిద్దుకుంటే వందకి వంద వేసుకుంటాడు," అన్నాడు. "సున్నా వేసుకున్నదానివి నువ్వొక్కదానివే. పంపించు."

మండలి జవాబు నిబంధనల భాషలో వచ్చింది. ఒకటి, సొంత దరఖాస్తు మీద రాసిన సమీక్ష చెల్లదు, రద్దు చేశాం. రెండు, మీ పేరు నిపుణుల జాబితాలోంచి తీసేశాం. మూడు, పదకొండు పేజీలు గడువు దాటి వచ్చాయి కనుక చదవలేదు. నాలుగు, మీ సంతకమున్న దరఖాస్తును ఉన్నదున్నట్టుగా రెండో నిపుణుడికి పంపుతున్నాం.

చెదపురుగుల ప్రొఫెసరు కాగితాలను చదవడు, తన పురుగుల్లాగే ఒక చివర దూరి ఇంకో చివర తేలుతాడు. మూడు రోజుల్లో ఒకే మాట రాసి పంపాడు: "అపూర్వం."

గ్రాంటు వచ్చేసింది.

హెడ్డుగారు మిఠాయి పెట్టె పట్టుకుని తిరిగారు. "చూశావా అమ్మాయ్, పాలిష్ దెబ్బ! ఆ మొదటివాడెవడో వట్టి కుళ్లుబోతు."

"కుళ్లు లేకపోతే వానపాములు బతకవు సార్," అంది మేడం. ఆయన పెద్దగా నవ్వి, అర్థం కాలేదన్న సంగతి బయటపడకుండా ఇంకో మిఠాయి ఇచ్చాడు.

బాబాయ్‌కి మూడేళ్ల నియామకపు ఉత్తర్వు వచ్చింది. హోదా: మృత్తికా కర్తల క్షేత్ర సమన్వయకర్త. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, కాగితం అందుకుని కిటికీ దగ్గర నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. దాన్ని అలా చదివిన మొట్టమొదటి మనిషి ఆయనే.

"నాలుగు వేల పొలాలని ఉందమ్మా."

"అవి పాలిష్ వాళ్లు వేసిన సున్నాలు బాబాయ్. అసలు నలభయ్యే. నువ్వేం పట్టించుకోకు, ఎవరూ అడగరు."

"అడగరు సరే. రాసిచ్చాం కదా." ఆయన చెవి మీది పెన్సిల్ తీసి ఉత్తర్వు వెనక లెక్క వేశాడు. "మూడేళ్లకి, ఆదివారాలు కూడా కలుపుకుంటే, రోజుకి మూడున్నర పైచిలుకు పడతాయి. నాలుగనుకుందాం."

"బాబాయ్, నీకేమైనా పిచ్చా?"

"కింద సంతకం మీదేగా అమ్మా?"



ఆయన తాపీ, జల్లెడ, రెండు డబ్బాలు సంచిలో వేసుకుని, తలుపు దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు.

"పదిన్నర బస్సుకి వెళ్తే పొద్దుగూకేలోపు నాలుగూ అయిపోతాయి," అన్నాడు. "గొడుగు తెచ్చుకోండి, ఎండగా ఉంది."