తాడు పట్టుకున్న మనిషి

పార్కులో గుర్రమెక్కిన పిల్లలకు నేను పద్దెనిమిదేళ్ళు ఫోటోలు తీశాను. గుర్రం పేరు చుక్క. గోధుమరంగు ఆడగుర్రం, నుదుటిమీద తెల్లమచ్చ. దాని యజమానురాలిని అందరూ గుర్రమ్మ అనేవారు. ఎవరో వెక్కిరింపుగా పెట్టిన పేరది. ఆవిడ మాత్రం అసలు పేరుతో పిలిస్తే పలకడం మానేసింది.

పిల్లవాణ్ణి ఎక్కించాక నేను కెమెరా కంటికి ఆనించి ప్రతిసారీ ఒకే మాట అనేవాణ్ణి. "అక్కా, కాస్త పక్కకి." ఆవిడ తాడు పొడవునా వెనక్కి జరిగేది. ఫోటోలో పిల్లవాడుండేవాడు, చుక్క ఉండేది, చుక్క మెడ నుంచి బయల్దేరి అంచు దగ్గర తెగిపోయిన తాడుండేది.

ఈ ఏడు ఎండలు ముదిరేసరికి చుక్క మేత మానేసింది. పశువుల డాక్టరు చూసి, కిడ్నీలు పాడైపోయాయనీ, మహా అయితే రెండు మూడు వారాలనీ చెప్పాడు. గుర్రమ్మ అల్లుడు వెంటనే ఎవరినో బేరానికి వెతికాడు.

"లేచి నిలబడుతున్నప్పుడే అమ్మేద్దాం అత్తయ్యా. పడిపోయాక ఎవరూ ముట్టుకోరు."

"నేను పడిపోయాక నన్నెవరికి అమ్ముతావో అదీ ఇప్పుడే మాట్లాడి ఉంచు బాబూ" అందట. అల్లుడు వారంపాటు ఆ గడప తొక్కలేదు.

ఆ వారంలోనే ఒక ఉదయం నా స్టూడియో ముందు గిట్టల చప్పుడయింది. బయటికొచ్చి చూద్దును కదా, చుక్కను నడిపించుకుంటూ గుర్రమ్మ. జీను లేదు, పిల్లల సరదాకోసం కట్టే రంగు కుచ్చులూ లేవు. చుక్క డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయి గానీ, ఒళ్ళు మాత్రం నిగనిగలాడేలా తోమి ఉంది. ఆవిడ ఇస్త్రీ బట్టలు కట్టుకుంది.

"మా ఇద్దరికీ ఫోటో తియ్యి తమ్ముడూ."

"అలాగే అక్కా. వెలుతురు బాగుంది, ఆ గోడ దగ్గర నిలబడండి."

"గోడ దగ్గరెందుకు? లోపల తియ్యి. పరదా ముందు, దీపాలన్నీ వేసి."

"లోపలా! మూడు మెట్లున్నాయి. నేల పగిలిందంటే పైన ఉండే ఇంటి ఓనరావిడ నన్ను సామాన్లతో సహా బయట పడేస్తుంది."

"నీ దగ్గరికొచ్చే వాళ్ళందరికీ లోపలే తీస్తావు. ఇన్నేళ్ళూ నీకు అన్నం పెట్టిన దాన్ని వీధిలో నిలబెడతావా? కుదరదంటే చెప్పు, ఇంకో స్టూడియో చూసుకుంటాం."

లోపలికెళ్ళి కుర్చీలు జరిపి, తలుపు రెండు రెక్కలూ తీశాను. అప్పటికే వీధిలో జనం మూగారు.

"గుర్రానికి పాస్‌పోర్టు ఫోటోనా?" అన్నాడొకడు.

"అవును. దూరం వెళ్తోంది" అంది గుర్రమ్మ, వాడి వైపు తిరక్కుండానే.

మొదటి మెట్టు మీద చుక్క వెనక్కాళ్ళు వణికాయి. ఆవిడ తాడు లాగలేదు. పక్కకొచ్చి దాని డొక్కకు భుజం ఆనించి, "నీ ఇష్టం అమ్మడూ, తొందరేం లేదు" అంది. చాలాసేపు పట్టింది. ఇంతలో ఇంటావిడ పరుగున దిగొచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడి కేకలు మొదలుపెట్టింది.

"పేడ వేస్తే నేనే ఎత్తుతాను. నేల పగిలితే నేనే బాగుచేయిస్తాను. ముందు దారివ్వండి, దాని కాళ్ళు నొప్పి" అంది గుర్రమ్మ. ఇంటావిడ చుక్క ముఖంలోకి చూసింది. ఏమనుకుందో, తప్పుకుంది.

దీపాలు వేశాను. కెమెరా కంటికి ఆనించాను. నోటి అలవాటు పాడుగాను, "అక్కా, కాస్త పక్కకి" అనేశాను.

"జరగను" అంది.

తల కొట్టేసినట్టయింది నాకు. ఆవిడ చుక్క దవడకు చెంప ఆనించి సూటిగా కెమెరాలోకి చూసింది. నవ్వమని నేను అడగలేదు.

మర్నాడు కంప్యూటర్లో చూపిస్తూ, కంటి పైన గుంటలు పూడ్చేస్తాను, డొక్కలు కనబడకుండా చేస్తాను అన్నాను.

"దాని డొక్కలు దానివి, నా ముడతలు నావి. దేన్నీ ముట్టుకోకు."

తొమ్మిదో రోజు ఉదయం చుక్క తన రేకుల షెడ్డులో, ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పోయింది. ఆవిడ మూడురోజులు గొంతెత్తి ఏడ్చింది. గుర్రానికి ఇంత ఏడుపేమిటన్న వాళ్ళకు తలుపు తియ్యలేదు.

ఫోటో నా షోకేసులో పెట్టాను. పార్కు మేనేజరు అది చూసి లోపలికొచ్చాడు. గేటు మీద కొత్త బోర్డు పెడుతున్నారట.

"గుర్రం బ్రహ్మాండంగా ఉంది. ఆవిణ్ణి కత్తిరించి ఇచ్చెయ్యండి."

అడగాల్సింది ఆవిణ్ణని చెప్పి వెంటబెట్టుకెళ్ళాను. గుర్రమ్మ ఆయనకు కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, చెప్పిందంతా విన్నది.

"ఇద్దరం ఉంటే పెట్టండి. లేకపోతే లేదు."

"గుర్రానికే కదమ్మా పేరొచ్చేది!"

"దానికి నేను పెట్టిన పేరుందండీ. అది చాలు."

ఆయన నా వైపు తిరిగాడు. "తీసింది మీరే కదా, మీరివ్వండి."

"నేనూ ఇవ్వనండీ" అన్నాను. ఆ పార్కులో మళ్ళీ నాకు పని దొరకదని తెలిసే అన్నాను.

రెండు వారాలకు బోర్డు లేచింది. ఎక్కడో దొరికిన తెల్లగుర్రం బొమ్మ, జూలు ఎగరేస్తూ సముద్రం ఒడ్డున పరుగెడుతోంది. గుర్రమ్మా నేనూ గేటు ముందు నిలబడి చూశాం. ఆవిడ కిందనుంచి పైదాకా తీరిగ్గా పరికించింది.

"కాళ్ళు చూడు. ఒక్క పిల్లాణ్ణయినా మోసిన కాళ్ళేనా అవి?" అని, తల ఎత్తుకుని, రోజూ చుక్కను నడిపించుకెళ్ళిన ఆ గేటులోంచే లోపలికి నడిచింది.